ఆ రోజుతో ముగియని లెక్క



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన పేరు తను పనిచేసిన పత్రికలో ఎన్నడూ అచ్చు కాలేదు. పత్రికాఫీసు లైబ్రరీలో కత్తెర, జిగురు సీసా, అట్ట ఫైళ్ల మధ్య ఆయన ఉద్యోగమంతా గడిచింది. డెస్కులో ఉన్న మేమంతా ఆయన్ని మాస్టారనే పిలిచేవాళ్లం. ఎక్కడ బాంబు పేలినా, ఎక్కడ విమానం హైజాక్ అయినా, ఏ అడవి దారిలో మందుపాతర పేలినా మర్నాటి పేపర్లలోంచి ఆ వార్త కత్తిరించి ఒక తెల్లకాగితం పైభాగాన అతికించేవారు. కింది భాగం ఖాళీగా వదిలేవారు. ఆస్పత్రిలో తర్వాత పోయినవాళ్లు, అరెస్టులు, బెయిళ్లు, తీర్పులు, ఇవన్నీ వచ్చి చేరడానికి ఆ చోటు. ఫలానా పేలుడు ఏ ఏడాదిలోనని డెస్కు నుంచి ఎవరు అడిగినా తేదీతో పాటు కేసు ఎక్కడిదాకా వచ్చిందో కూడా చెప్పేవారు.

ఆయన పేరున మాట్లాడాలంటే నాకు తోచిన విషయం ఇదొక్కటే. ప్రపంచంలో జరిగే ఉగ్రవాద సంఘటనల లెక్క ఎవరు రాస్తున్నారు, ఎలా రాస్తున్నారు, ఏ తేదీని ఏటేటా తలుచుకోవాలన్నది ఎవరు తేలుస్తున్నారు? పేలుడు జరిగిన రెండు మూడు రోజుల్లో మృతుల సంఖ్య ఒకటి స్థిరపడుతుంది. మనం లెక్కను అక్కడే మూసేస్తాం. ఏడాది తిరిగాక అదే సంఖ్యను తీసి మళ్లీ అచ్చువేస్తాం. ఈ అలవాటు వల్ల చాలామందికి అన్యాయం జరుగుతోందని చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

ఈ సంఘటనలను వరసగా నమోదు చేసే పని 1972 తర్వాత గట్టిగా ఊపందుకుంది. ఆ సెప్టెంబరులో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ జట్టుకు చెందిన 11 మంది, ఒక పశ్చిమ జర్మనీ పోలీసు చనిపోయారు. ఆటల కోసం పెట్టిన కెమెరాల ముందే అదంతా జరిగింది. ఆ తర్వాత అమెరికాలోని రాండ్ సంస్థలో బ్రయాన్ జెంకిన్స్ అనే పరిశోధకుడు 1968 నుంచి జరిగిన దాడులను తేదీల వారీగా పట్టికగా రాయించడం మొదలుపెట్టాడు. అది మంచి పని. కానీ అందులో చోటు దక్కింది దేశాల సరిహద్దులు దాటిన దాడులకే. ఒక దేశంలోని వాళ్లు తమ దేశంలోనే తమ తోటివాళ్లను చంపితే ఆ పట్టికలోకి రాదు. లోకంలో ఇలాంటి హింసలో ఎక్కువ భాగం అలా ఇంటి లోపల జరిగేదే. అంటే తొలినాళ్లలో ప్రపంచం చూసిన లెక్క, విమానాలెక్కే వాళ్ల భయానికి సంబంధించిన లెక్క. ఊళ్లో సంతకు వెళ్లి తిరిగిరాని మనిషి దానిలో లేడు.

ఆ మనిషిని లెక్కలోకి తెచ్చింది ఒక వ్యాపార సంస్థ కావడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. పింకర్టన్ గ్లోబల్ ఇంటెలిజెన్స్ సర్వీసెస్ అనే కంపెనీ, ఏ దేశంలో వ్యాపారం చేస్తే ఎంత ప్రమాదమో తన ఖాతాదారులకు చెప్పడం కోసం, 1970 నుంచి 1997 దాకా సంఘటనలను కార్డుల మీద రాయించింది. రాసినవాళ్లలో ఎక్కువమంది అమెరికా వైమానిక దళంలో చేసి రిటైరైనవాళ్లు. వార్తా సంస్థలు పంపిన వార్తలు, పత్రికలు చదివి తేదీ, ఊరు, ఆయుధం, మృతులు, గాయపడ్డవాళ్లు అని గడులు నింపేవారు. దేశం లోపల జరిగినవీ రాశారు. 67,000 దాకా సంఘటనలు పోగయ్యాయి. తర్వాత ఆ కార్డుల పెట్టెలు మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో నేరశాస్త్ర ఆచార్యుడు గ్యారీ లాఫ్రీ చేతికి వచ్చాయి. విద్యార్థులు కూర్చుని ఒక్కో కార్డునూ కంప్యూటర్లోకి ఎక్కించారు. ఇవాళ పరిశోధకులందరూ వాడే గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్ అలా పుట్టింది. 1970 నుంచి 2020 దాకా రెండు లక్షలకు పైగా సంఘటనలు అందులో ఉన్నాయి.

ఆ పెట్టెల్లో ఒక ఏడాది మాత్రం లేదు. కంపెనీ ఆఫీసు మారేటప్పుడు 1993 కార్డులు పోయాయి. మళ్లీ పత్రికల నుంచి వెతికి పూడ్చాలని చూశారు కానీ కొద్ది భాగమే దొరికింది. అందుకే అసలు పట్టికలో 1992 తర్వాత 1994 వస్తుంది. గ్రాఫు గీసినవాళ్లు ఆ చోట గీత తెంపి, కింద చిన్న అక్షరాల్లో కారణం రాస్తారు.

1993 అంటే మనకేమిటో చెప్పనక్కర్లేదు. ఆ ఏడాది మార్చి 12న బొంబాయిలో వరసగా బాంబులు పేలి 257 మంది చనిపోయారు. స్టాక్ ఎక్స్ఛేంజీలో, ఎయిరిండియా భవనం దగ్గర, జవేరీ బజారులో. అన్నం డబ్బా తీసుకుని పనికి వెళ్లినవాళ్లు. ప్రపంచ ఉగ్రవాదం మీద అంకెలతో రాసిన ఎన్నో పరిశోధన పత్రాల్లో, ఎవరి తప్పూ లేకుండా, ఎవరి దురుద్దేశమూ లేకుండా, ఆ 257 మంది లేరు. కొన్ని అట్టపెట్టెలు తప్పిపోయినందుకు. మాస్టారు ఒక ఫైలు కనిపించకపోతే అన్నం మానేసి వెతికేవారని ఆ లైబ్రరీలో పనిచేసినవాళ్లకు తెలుసు. ఆ ఆందోళన ఎందుకో ఇలాంటివి చదివితే అర్థమవుతుంది.

కార్డు మీద మనిషి ఎలా అంకె అవుతాడో కూడా కొంచెం చెప్పాలి. నమోదు చేసేవాళ్లకు నియమాలుంటాయి. ఒకే రోజు ఒకే ముఠా రెండు చోట్ల బాంబులు పెడితే అవి రెండు సంఘటనలు. 2001 సెప్టెంబరు 11 మనకు ఒక సంఘటన, డేటాబేస్‌లో నాలుగు. మృతుల సంఖ్య మీద పత్రికలు తలోమాట చెబితే ఎక్కువ పత్రికలు చెప్పింది తీసుకుంటారు. ఏదీ తేలకపోతే అన్నిటికన్నా తక్కువ సంఖ్యను రాస్తారు. రెండు మూడు చోట్లకు కలిపి ఒకే మొత్తం తెలిసినప్పుడు దాన్ని ఆ చోట్లకు సమానంగా పంచుతారు. అలా పంచితే కొన్నిసార్లు దశాంశాలు వస్తాయని వాళ్ల నియమావళే ఒప్పుకుంది. గణాంకం చేసేవాళ్లకు అది సరైన పద్ధతే, మొత్తం కూడితే తప్పు రాదు. కానీ ఒక వరసలో మృతుల గడిలో అరమనిషి కనిపించినప్పుడు ఈ పని ఎంతవరకు చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో తెలిసివస్తుంది.

అన్నిటికన్నా పెద్ద నియమం నిర్వచనం. ప్రభుత్వానికి చెందనివాళ్లు, రాజకీయ, ఆర్థిక, మత, సామాజిక లక్ష్యం కోసం, భయపెట్టో బలవంతపెట్టో సాధించుకోవడానికి చట్టవిరుద్ధంగా చేసిన హింస. మేరీలాండ్ నిర్వచనం స్థూలంగా ఇదీ. నాకు దాంతో పేచీ లేదు. ఎక్కడో ఒక గీత గీయకపోతే పని జరగదు. అయితే గీత గీసినప్పుడు దానికి అవతల పడ్డవాళ్ల సంగతేమిటని అడగడం మన బాధ్యత. మన హైదరాబాద్ ఉదాహరణే చెబుతాను.

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో మధ్యాహ్నం నమాజు వేళ, వజూ చేసుకునే చోటికి దగ్గర్లో బాంబు పేలింది. పేలుడులో 9 మంది చనిపోయారు. తర్వాత బయట జనం ఆగ్రహంతో రోడ్డెక్కారు, పోలీసులు కాల్పులు జరిపారు. కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. ఒకే మధ్యాహ్నం, ఒకే పేట. కొన్ని జాబితాల్లో మృతులు 9 మంది, కొన్నిటిలో 14 మంది. ఇందులో ఏది తప్పు? రెండూ తప్పు కాదు. పేలుడు మృతులు 9 మందే. కానీ బాంబు పేలకపోతే ఆ ఐదుగురూ ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేవాళ్లు. నిర్వచనం ప్రకారం రాసిన పట్టికలో వాళ్లకు చోటుండదు, ఎందుకంటే తూటా ప్రభుత్వానిది. పోలీసు కాల్పుల జాబితాలో వెతికితే బాంబు ప్రస్తావన ఒక్క వాక్యం. రెండు రిజిస్టర్ల మధ్య సందులో ఐదుగురు మనుషులు పడిపోయారు.

ఆ కేసు తర్వాత ఏమైందో గుర్తుందా? మొదట ఈ ఊరి కుర్రాళ్లను ఎందరినో పట్టుకెళ్లారు. వాళ్లలో చాలామంది నిర్దోషులుగా బయటికొచ్చారు, కొందరికి ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. తర్వాత దర్యాప్తు వేరే దిక్కుకు తిరిగింది, వేరే వాళ్లు నిందితులయ్యారు. 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా వదిలేసింది. అంటే పేలుడు జరిగిన 11 ఏళ్లకు, బాంబు పెట్టింది ఎవరన్న గడి మళ్లీ ఖాళీ అయింది. ఇది మే 18న ఏటా అచ్చయ్యే చిన్న వార్తలో ఎంతవరకు కనిపిస్తుంది?

అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో పేలుళ్లు. లేజర్ షో చూడటానికి కూర్చున్నవాళ్లలో మహారాష్ట్ర నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. కొన్ని చోట్ల మృతులు 42 అని ఉంటుంది, కొన్ని చోట్ల 44 అని. తర్వాత ఆస్పత్రిలో పోయినవాళ్లను కలిపారా లేదా అన్నదాన్ని బట్టి ఇలాంటి తేడాలొస్తాయి. ఆ ఇద్దరి తేడాను పత్రికల్లో మేం 'నలభై మందికి పైగా' అని రాసి దాటేసేవాళ్లం. వేళకు పేజీ పంపాలంటే అలా రాయక తప్పదు. కానీ రిజిస్టరుకు ఆ తొందర లేదు. ఆ మాట రిజిస్టరులో ఉండకూడదు.

మృతుల లెక్క ఆ రోజుతో తేలదని న్యూయార్క్ చెప్పినంత స్పష్టంగా ఇంకేదీ చెప్పదు. 2001 సెప్టెంబరు చివర్లో అక్కడ చనిపోయినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిపి 6,000 దాటారని అధికారులే చెప్పారు. ఒకే మనిషి కోసం ముగ్గురు బంధువులు మూడు చోట్ల ఫిర్యాదు చేశారు. పేరు స్పెల్లింగు మారి రెండుసార్లు ఎక్కింది. పరదేశంలో ఉన్న కొడుకు ఫోను ఎత్తకపోతే తల్లి ఆ ఊళ్లోనే పోయాడనుకుంది. నెలల తరబడి ఒక్కో పేరూ సరిచూసుకుంటూ వస్తే వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర మృతులు 2,753 అని తేలింది. ఆ రోజు దాడులు జరిగిన మూడు చోట్లా కలిపి 2,977. శ్రీలంకలో 2019 ఈస్టర్ పేలుళ్ల తర్వాత కూడా ఇదే జరిగింది. మొదట 359 మంది అన్నారు, రోజుల తేడాలో ప్రభుత్వమే దాన్ని 253కు తగ్గించింది. ఛిద్రమైన శరీరాలను లెక్కపెట్టడంలో పొరపాటు పడ్డామని వైద్యాధికారులు చెప్పారు. తగ్గించినందుకు వాళ్లను తప్పుపట్టలేం. చెప్పిన సంఖ్యను పట్టుకుని వేలాడకుండా దిద్దుకోవడానికి ధైర్యం కావాలి.

తగ్గిన లెక్క తర్వాత పెరిగింది కూడా. న్యూయార్క్ శవపరీక్ష కార్యాలయం ఇప్పటికీ ఎముక ముక్కలకు డీఎన్ఏ పరీక్షలు చేస్తూనే ఉంది. మృతుల్లో దాదాపు 1,100 మంది తాలూకు ఏ అవశేషమూ గుర్తుపట్టలేదు. ఏడాదికి ఒకటో రెండో పేర్లు ఆ జాబితాలోంచి బయటికొస్తాయి, ఆ ఇంటికి కబురు వెళుతుంది. ఇక ఆ రోజు సహాయానికి దిగిన అగ్నిమాపక సిబ్బంది సంగతి. ఆ ఒక్కరోజే 343 మంది పోయారు. ఆ దుమ్ము, ఆ పొగ పీల్చినవాళ్లు తర్వాతి ఏళ్లలో క్యాన్సర్లతో, ఊపిరితిత్తుల జబ్బులతో ఒక్కొక్కరే రాలిపోయారు. 2023 సెప్టెంబరు నాటికి అలా జబ్బుతో పోయినవాళ్లు కూడా 343 మంది అయ్యారు. రెండు దశాబ్దాల తర్వాత, ఏ బాంబూ ఏ విమానమూ లేకుండా, అదే సంఖ్య మళ్లీ. ఆ అగ్నిమాపక శాఖ ఈ పేర్లను కూడా తన స్మారక గోడ మీద ఎక్కిస్తోంది. లెక్క తెరిచి ఉంచడమంటే నా ఉద్దేశం ఇదే.

సంఖ్యను తెరిచి ఉంచకపోతే ఎవరో ఒకరు తమకు కావలసినట్టు మూస్తారు కూడా. 2004 ఏప్రిల్‌లో అమెరికా విదేశాంగ శాఖ విడుదల చేసిన వార్షిక నివేదిక, 2003లో ఉగ్రవాద దాడులు అంతకుముందు మూడు దశాబ్దాల్లో ఎన్నడూ లేనంత తగ్గాయంది. ఉగ్రవాదం మీద యుద్ధం ఫలిస్తోందని నాయకులు చెప్పుకున్నారు. అలాన్ క్రూగర్, డేవిడ్ లైటిన్ అనే ఇద్దరు ఆచార్యులు నివేదికలోని పట్టికలనే మళ్లీ కూడి చూసి లెక్క కుదరడం లేదని బయటపెట్టారు. తీరా చూస్తే నవంబరు 11 తర్వాత జరిగినవి అందులో చేరనేలేదు. ఇస్తాంబుల్‌లో ఆ నవంబరులో యూదుల ప్రార్థనాలయాల దగ్గర, బ్రిటిష్ కాన్సులేటు దగ్గర జరిగిన పేలుళ్లు అందులో లేవు. జూన్‌లో దిద్దిన నివేదిక వచ్చింది. మృతుల సంఖ్య 307 నుంచి 625 అయింది. ఇద్దరు మనుషులు ఓపిగ్గా కూడిక చేస్తే లోకానికి ఇంత మేలు జరుగుతుంది.

ఇప్పుడు తేదీల సంగతి.

తేదీని గుర్తుపెట్టుకునేది బాధితులొక్కరే కాదు. 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలో ఫెడరల్ భవనాన్ని పేల్చి 168 మందిని చంపినవాడు ఆ తేదీని ఏరి కోరి ఎంచుకున్నాడు. రెండేళ్ల ముందు అదే రోజు టెక్సస్‌లో వేకో దగ్గర ఒక మతశాఖ స్థావరం తగలబడి చాలామంది పోయారు, ప్రభుత్వం మీద ఆ కక్ష. చనిపోయిన 168 మందిలో 19 మంది పిల్లలు. అందుకే భద్రతా విభాగాల్లో క్యాలెండరు చూసి పనిచేసే మనుషులుంటారు. ఏ తేదీన ఎవరికి ఏ గాయం గుర్తొస్తుంది, ఏ సంస్థ ఎప్పుడు పుట్టింది, ఏ నాయకుడు ఎప్పుడు ఉరికంబం ఎక్కాడు, అన్నీ రాసుకుంటారు.

మన ఏజెన్సీ ప్రాంతాల వాళ్లకు ఇది వివరించక్కర్లేదు. జూలై 28 నుంచి మావోయిస్టుల అమరుల వారోత్సవాలు, డిసెంబరు 2 నుంచి వాళ్ల గెరిల్లా సైన్యం పీఎల్‌జీఏ వారోత్సవాలు. చారు మజుందార్ చనిపోయిన రోజొకటి, కేంద్ర కమిటీకి చెందిన ముగ్గురు 1999లో చనిపోయిన రోజు ఇంకొకటి. ఆ వారాలు దగ్గరపడితే చర్ల, వెంకటాపురం, పాడేరు వైపు హై అలర్ట్ అని వార్త. రాత్రి బస్సులు ఆగిపోతాయి, వంతెనల దగ్గర తనిఖీలు, ప్రజాప్రతినిధులు ఊళ్లు వదిలి పట్నం రావాలని నోటీసులు. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలును దంతెవాడలోనే ఆపేస్తారు. ఎవరి అమరుల రోజో ఒకటి, కానీ ఆ వారం ఆస్పత్రికి పోవలసిన గర్భిణికి బస్సు ఉండదు. ఈ మనిషి ఏ క్యాలెండరులోనూ లేదు.

అటువైపు అక్టోబరు 21 ఉంది. 1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది పోలీసులు చనిపోయిన రోజు. ఏటా ఆ రోజు గోషామహల్ స్టేడియంలో, జిల్లా కేంద్రాల్లో, అంతకుముందు ఏడాది కాలంలో దేశమంతటా విధుల్లో పోయిన పోలీసుల పేర్లు చదువుతారు. నేను వెళ్లినప్పుడల్లా ఆ చదవడం పూర్తిగా వింటాను. అక్కడ సంఖ్య చెప్పి ఊరుకోరు, ఏ రాష్ట్రం, ఏ హోదా, ఏ పేరు, అన్నీ చదువుతారు. ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం.

దశాబ్దాల పాటు తెలుగు నేల మీద జాబితాలు మాత్రం పక్షాల వారీగానే ఉన్నాయి. పోలీసుల దగ్గర పోలీసుల జాబితా, పార్టీ దగ్గర అమరుల జాబితా. ఎన్‌కౌంటర్ మృతుల మీద పౌరహక్కుల సంఘాలు ఊరూరా తిరిగి నిజ నిర్ధారణ నివేదికలు వేశాయి. అవి లేకపోతే ఎన్నో మరణాలకు పోలీసు ప్రకటన ఒక్కటే మిగిలేది. ఇన్‌ఫార్మర్ ముద్ర వేసి చంపిన గిరిజనుడి పేరు మాత్రం ఎవరి జాబితాలోనూ సరిగా ఎక్కలేదు. ఎస్.ఆర్. శంకరన్ గారు కన్వీనరుగా 1997లో ఏర్పడిన కన్సర్న్‌డ్ సిటిజన్స్ కమిటీ చంపడం గురించి ప్రభుత్వాన్నీ, నక్సలైట్లనూ ఇద్దరినీ నిలదీసింది. రెండు వైపులా మాటలు పడింది. 2004 శాంతి చర్చలకు దారి అక్కడినుంచే పడింది. రెండు వైపులా చచ్చినవాళ్లను ఒకే కాగితం మీద రాయగలిగినవాళ్లే రెండు వైపులవాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగారు. ఈ రెంటికీ సంబంధం లేదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

తేదీ ఎవరిదో తేల్చుకోలేక ఇరవై ఏళ్లు పోయిన ఉదంతం ఒకటి ఉంది. 1985 జూన్ 23. మాంట్రియల్ నుంచి లండన్ మీదుగా ఢిల్లీ రావలసిన ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లాండ్ తీరం దగ్గర అట్లాంటిక్ మీద ఆకాశంలోనే పేలిపోయింది. 329 మందీ పోయారు. 80 మందికి పైగా పిల్లలు. వేసవి సెలవులకు అమ్మమ్మ, తాతయ్యలను చూడటానికి వస్తున్నారు. అదే రోజు జపాన్‌లోని నరిటా విమానాశ్రయంలో ఇంకో సూట్‌కేసు పేలి ఇద్దరు సామాను కార్మికులు చనిపోయారు. మృతుల్లో 268 మంది కెనడా పౌరులు. బాంబు సామాను కెనడాలోనే ఎక్కింది. అయినా కెనడా ప్రధాని మల్రోనీ మన ప్రధాని రాజీవ్ గాంధీకి ఫోన్ చేసి సంతాపం చెప్పారు. తన పౌరులు పోయారని ఆయనకు తట్టలేదు. ఆ పేర్లు కెనడా పేర్లుగా వినిపించలేదు.

సముద్రంలోంచి 131 శవాలే దొరికాయి. దేశం తమది అనుకోని ఆ మృతులను తమవాళ్లనుకున్నది ఐర్లాండ్‌లో అహకిస్టా అనే చిన్న తీరగ్రామం. కార్క్ ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చిన కుటుంబాలకు ఆ జిల్లా జనం ఇళ్లు తెరిచారు. మొదటి సంవత్సరీకానికే సముద్రం ఒడ్డున స్మారకం కట్టారు. అప్పట్నుంచి ఏటా జూన్ 23 పొద్దున్నే బంధువులు, ఊరివాళ్లు అక్కడ కలుస్తారు. కెనడాలో విచారణ సాగి సాగి 2005 మార్చిలో ప్రధాన నిందితులిద్దరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. శిక్ష పడింది బాంబు తయారుచేసిన ఒక్కడికే. ఆ ఏడాదే కెనడా ప్రభుత్వం జూన్ 23ను ఉగ్రవాద బాధితుల జాతీయ సంస్మరణ దినంగా ప్రకటించింది. 2010లో జస్టిస్ జాన్ మేజర్ కమిషన్ నివేదిక ఇచ్చింది. హెచ్చరికలు ఉండి కూడా ప్రభుత్వ శాఖలు ఒకదానికొకటి చెప్పుకోలేదని, ఆ తర్వాత కుటుంబాలను శత్రువుల్లా చూశారని, ఇది కెనడా విషాదమేనని అందులో ఉంది. ఒక తేదీ తమదని ఒక దేశం ఒప్పుకోవడానికి ఇంతకాలం పట్టింది.

లోకం క్యాలెండరులోకి ఎక్కని తేదీలు ఇంకెన్నో ఉన్నాయి. 2017 అక్టోబరు 14న సొమాలియాలో మొగదిషు కూడలిలో ట్రక్కు బాంబు పేలి 587 మంది పోయారని అక్కడి విచారణ సంఘం తేల్చింది. ఇక్కడున్న మనలో ఎందరికి ఆ తేదీ తెలుసు? ఐక్యరాజ్యసమితి 2018 నుంచి ఆగస్టు 21ని ఉగ్రవాద బాధితుల స్మరణకు అంతర్జాతీయ దినంగా జరుపుతోంది. ఐరోపాకు మాడ్రిడ్ రైలు పేలుళ్లు జరిగిన మార్చి 11 ఉంది. మనకు మే 21 ఉంది, ఆఫీసుల్లో ప్రతిజ్ఞ చేయిస్తారు. అందరికీ కలిపి ఒక రోజు పెట్టడం మంచిదే, దాన్ని నేను కాదనను. నేను అడిగే పని మిగిలిన 364 రోజులది.

ఆ పనికి నాకు తెలిసిన గొప్ప నమూనా ఉత్తర ఐర్లాండ్ నుంచి వచ్చింది. 1999లో 'లాస్ట్ లైవ్స్' అనే పెద్ద పుస్తకం వెలువడింది. డేవిడ్ మెకిట్రిక్, సీమస్ కెల్టర్స్, బ్రయన్ ఫీనీ, క్రిస్ థార్న్‌టన్ దాన్ని ఏళ్ల తరబడి శ్రమించి రాశారు. 1960ల నుంచి అక్కడి అల్లర్లలో చనిపోయిన ప్రతి మనిషికీ ఒక నంబరు, ఒక పేరు, వయసు, వృత్తి, పెళ్లయిందా, పిల్లలెందరు, ఎలా చనిపోయారు. మొత్తం 3,600 మందికి పైగా. వరస తేదీలది. పక్షాల వారీగా అధ్యాయాలు లేవు. బ్రిటిష్ సైనికుడి తర్వాత ఐఆర్ఏ మనిషి వస్తాడు, అతని తర్వాత పాలు పోయడానికి వచ్చినవాడు, బడిపిల్ల. సైన్యం కాల్చినవాళ్లకూ అదే వరసలో చోటు. చంపింది ఎవరన్నది పేరు కింద రాశారు. పేరు ఉంటుందా ఉండదా అన్నది దాన్ని బట్టి నిర్ణయించలేదు. మక్కా మసీదు బయట పోయిన ఐదుగురికి మన దగ్గర లేనిది ఇదే.

ఆ పుస్తకం తర్వాత కూడా దిద్దుకుంటూ వచ్చింది. దిద్దవలసి వస్తుంది కూడా. 1972 జనవరి 30న డెర్రీలో సైనికులు కాల్చినప్పుడు 13 మంది ఆ రోజే పోయారు, మరొకరు నెలల తర్వాత. ఆ ఏడాదే వేసిన విచారణ సైనికులను చాలావరకు సమర్థించింది. 2010లో సావిల్ విచారణ, చనిపోయినవాళ్లెవరి వల్లా సైన్యానికి ముప్పు లేదని చెప్పింది. ప్రధాని పార్లమెంటులో క్షమాపణ అడిగారు. ఆ 38 ఏళ్లూ కుటుంబాలు తమ కాగితం మీద తీర్పు గడిని ఖాళీగానే పెట్టుకున్నాయి, వేరేవాళ్లు నింపిందాన్ని ఒప్పుకోలేదు.

మన దగ్గర న్యాయం ఎలా నడిచిందో చూడండి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు కట్టిన బాంబులు పేలి 18 మంది చనిపోయారు. 2016లో ఐదుగురికి ఉరిశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ముంబై లోకల్ రైళ్లలో 2006 జూలై 11న పేలుళ్లకు శిక్షపడ్డ 12 మందిని 2025 జూలైలో బొంబాయి హైకోర్టు నిర్దోషులంది, సుప్రీంకోర్టు ఆ తీర్పును మిగతా కేసుల్లో ఆధారంగా తీసుకోవద్దంది. ఇంకా నడుస్తోంది. ఉగ్రవాద, మతకల్లోల బాధితులకు సాయం చేసే కేంద్ర పథకం 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన ఊళ్లో 2007లో జరిగిన రెండు సంఘటనలూ ఆ తేదీకి ముందువి. చెవి పోయినవాళ్లు, ఒంట్లో మేకుముక్కలతో బతుకుతున్నవాళ్లు, దుకాణం మళ్లీ తెరవలేనివాళ్లు ఎందరో ఈ తేదీల మధ్య ఉన్నారు. గాయపడ్డవాళ్లను మనం ఒక్కరోజే లెక్కపెడతాం. ఆ సాయంత్రం ఆస్పత్రి రిజిస్టరులో ఉన్న సంఖ్య తప్ప మన దగ్గర ఇంకేమీ లేదు.

అందుకని మాస్టారి పేరున ఈ ధర్మనిధిని నడిపే కుటుంబానికి సభాముఖంగా ఒక మనవి. తెలుగులో, తెలుగు నేల మీద జరిగిన ఇలాంటి మరణాల రిజిస్టరు ఒకటి కావాలి. బాంబు పేలి పోయినవాళ్లు, మందుపాతరలో పోయిన కానిస్టేబుళ్లు, ఎన్‌కౌంటర్ మృతులు, ఇన్‌ఫార్మర్లంటూ చంపేసినవాళ్లు, కాల్పుల్లో పోయినవాళ్లు, అందరూ తేదీల వరసలో. పేరు, ఊరు, వయసు, చేసే పని, మరణానికి కారణం, కేసు ఎక్కడుంది. ఇంటివాళ్లు వద్దంటే పేరు అచ్చు వేయకూడదు, ఆ సంగతి ముందే రాసుకోవాలి. పాత పేపర్లు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో బైండ్లుగా ఉన్నాయి, పౌరహక్కుల సంఘాల నివేదికలు దొరుకుతాయి, కోర్టు తీర్పులు అందరికీ అందుబాటులో ఉన్నాయి. కావలసింది కూర్చుని రాసే మనుషులు.

ఈ ఏడాది నిధి వడ్డీని ఇద్దరు విద్యార్థులకు ఇచ్చి 2007తో మొదలుపెట్టించండి. ఒక పాత్రికేయుడు, ఒక లాయరు, ఒక గణాంకం తెలిసిన మనిషి వాళ్లకు తోడుంటే చాలు. మొదటి మనిషిగా నేను వస్తాను. వచ్చే ఏడాది ఈ వేదిక మీద నాలాంటివాళ్ల ఉపన్యాసం వద్దు. ఆ పిల్లలు వచ్చి ఎన్ని పేర్లు దొరికాయో, ఏవి దొరకలేదో, ఎక్కడ రెండు పత్రికలు రెండు మాటలు చెప్పాయో చెప్పాలి. ఆ రోజు సభకు మే 18న, ఆగస్టు 25న ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లను పిలవాలి. వాళ్లు దిద్దమన్నది అక్కడే, ఆ బల్ల మీదే దిద్దాలి.